పార్కుకు పోయే రోజు తిండి లెక్క: సద్ది కట్టాలా, బఫే కొనాలా, లోపలే చూసుకోవాలా?

వేసవి సెలవులొచ్చినా దసరా సెలవులొచ్చినా నల్లగొండ, పాలమూరు ఇండ్లల్లో పిల్లల పోరు రెండు పేర్ల చుట్టే తిరుగుతుంది. హైదరాబాద్ శివార్లలో ఉన్న ఆ రెండింటిలో ఒకటి రామోజీ ఫిల్మ్ సిటీ, రెండోది వండర్‌లా ఆటల పార్కు. టికెట్ ఎంతో ఫోన్‌లో ముందే కనిపిస్తుంది. డీజిల్‌కు, టోల్‌కు ఎంత పడుతుందో ఓ అంచనా ఉంటుంది. తిండికి ఎంత పోయిందన్నది మాత్రం రాత్రి ఇంటికొచ్చి జేబు తడుముకుంటే గానీ తెలియదు.

ఆ పైసలు ఎక్కడ పోయాయో కాగితం మీద రాసి చూడండి. మధ్యాహ్నం భోజనం పద్దు మనం భయపడ్డంత పెద్దగా ఉండదు. పదకొండింటికి జ్యూస్, ఒంటిగంటన్నరకు భోజనం లైన్ చూసి ఓపిక లేక కొన్న పఫ్‌లు, మూడుసార్లు నీళ్ల సీసాలు, నాలుగున్నరకు మక్కకంకి, ఆ పక్కనే ఐస్‌క్రీమ్, బయలుదేరేముందు చాయ. ఒక్కటీ పెద్ద ఖర్చుగా అనిపించదు. ఐదుగురితో గుణిస్తే మాత్రం భోజనాన్ని దాటిపోతుంది. అందుకే చౌక హోటల్ వెతకడం కన్నా ముందు, రోజంతటిలో ఏ ఆకలి ఎన్నింటికి వేస్తుంది, దాన్ని ఎక్కడ తీర్చాలి అన్నది తేల్చుకోవాలి.

టిఫిన్ వేళే రోజంతటినీ నడుపుతుంది

నల్లగొండ వాళ్లు నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కితే చిట్యాల, చౌటుప్పల్ దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు రాకముందే ఫిల్మ్ సిటీ తగులుతుంది. వండర్‌లాకైతే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, బొంగ్లూరు దాటి, రావిర్యాలలో, అంటే 13వ ఎగ్జిట్‌లో దిగాలి. మహబూబ్‌నగర్ వాళ్లు 44వ రహదారి మీద జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కుతారు. కల్వకుర్తి, ఆమనగల్లు వాళ్లకు శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దగ్గర, దేవరకొండ వాళ్లకు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బొంగ్లూరు దగ్గర ఔటర్ దొరుకుతుంది.

ఎటు నుంచి వచ్చినా టిఫిన్ పని ఔటర్ ఎక్కకముందే కావాలి. ఎక్కాక ఆగి తినే చోటు వెతుక్కోవడం దండగ. చౌటుప్పల్, షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం, ఆమనగల్లు: మీ దారిలో వచ్చే ఈ చివరి ఊళ్లలో ఇడ్లీ, ఉప్మా ఊరి రేటుకే దొరుకుతాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఫిల్మ్ సిటీ పొద్దున తొమ్మిదికి తెరుస్తారు. వండర్‌లా సాధారణంగా పదకొండు ప్రాంతంలో తెరుస్తారు (రోజును బట్టి మారుతుంది, టికెట్ మీద చూసుకోండి). రెండింటికీ ఒకే లెక్కన ఏడింటికి టిఫిన్ కానిచ్చేస్తే, వండర్‌లాలో అడుగు పెట్టేసరికి పిల్లలకు మళ్లీ ఆకలి మొదలవుతుంది. లోపలికి పోగానే మొదటి ఖర్చు అక్కడే. వండర్‌లాకు పోయే రోజు ఇంట్లో చాయ, బిస్కెట్‌తో బయలుదేరి, తొమ్మిదిన్నర పదింటి మధ్య కడుపునిండా టిఫిన్ తింటే మధ్యాహ్నం రెండు దాటేదాకా ఢోకా ఉండదు. ఫిల్మ్ సిటీకైతే ఎనిమిదింటికి తినడం సరిపోతుంది, భోజనం పన్నెండుంబావుకు చేయాల్సి వస్తుంది.

తినేది కూడా చూసుకోవాలి. పూరి, మైసూర్ బజ్జి, మిర్చి తిని గంటలోపు తిరిగే ఆటలు ఎక్కితే పిల్లలకు వాంతి ఖాయం. వాంతయ్యాక కడుపు ఖాళీ, నోరు చేదు, అప్పుడు అడిగేది కూల్‌డ్రింకే. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు వరకు పర్లేదు. ఏది తిన్నా పెద్ద ఆటలకు ముప్పావుగంట, గంట ఆగాలి.

సద్ది కట్టుకుపోతే ఎంత మిగులుతుంది

రెండు చోట్లా బయటి తిండి లోపలికి రానివ్వరు, గేటు దగ్గర సంచులు చూస్తారు. చంటిపిల్లల తిండికి, మందులకు మామూలుగా అభ్యంతరం ఉండదు కానీ గేటు దగ్గర చూపించి అడగాలి. కాబట్టి సద్ది అంటే లోపలికి పోకముందు ఒక పూట, బయటికొచ్చాక ఒక పూట. అంతే.

మధ్యలో ఒకసారి కారు దగ్గరికొచ్చి తినిపోదాం అన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి పంపుతారా లేదా అన్నది టికెట్ దగ్గరే అడగాల్సిన మాట. ఫిల్మ్ సిటీలో అయితే గేటు నుంచి లోపలికి వాళ్ల బస్సులోనే పోవాలి. డిక్కీలో పెట్టిన పులిహోర కోసం వెనక్కి రావడమంటే పోను రాను గంట పైమాటే. టికెట్ పెట్టి కొన్న పూటలో గంట పోగొట్టుకుని వందో రెండొందలో మిగుల్చుకోవడం ఏం లాభమో ఎవరి లెక్క వాళ్లదే.

పొద్దుటి పూటకు పులిహోరను మించింది లేదు. ఐదుగురికి ఆరు వందల గ్రాముల బియ్యం, అరవై డెబ్బై గ్రాముల చింతపండు, వంద మిల్లీలీటర్ల నూనె, రెండు గుప్పెళ్ల పల్లీలు. ఎసరు కొంచెం తగ్గించి అన్నం పలుకుగా వండాలి. వెడల్పాటి తాంబాళంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడివేడిగా మూత పెడితే ఆవిరి చెమటలా మూతకు పట్టి మళ్లీ అన్నం మీదనే పడుతుంది. ఎండాకాలం పులిహోర పొద్దెక్కేసరికి వాసన రావడానికి అసలు కారణం ఆ తడి. చింతపండు పులుపును తప్పుపట్టాల్సిన పని లేదు.

తపాలచెక్క అనండి, సర్వపిండి అనండి, అదీ బాగా పనికొస్తుంది. ఉల్లిగడ్డ తగ్గించి, పచ్చిశెనగపప్పు, నువ్వులు, కరివేపాకు ఎక్కువేసి పలచగా ఒత్తి ఎర్రగా కాల్చితే సాయంత్రం దాకా బాగుంటుంది. జొన్నరొట్టె, తొక్కు పొద్దున కారులో తినడానికి సరే, సాయంత్రానికి రొట్టె అట్టముక్కలా గట్టిపడుతుంది. పెరుగన్నం, చికెన్ కూర వద్దు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ పొయ్యి మీద పెట్టిన గిన్నెతో సమానం. పెరుగన్నం పులిసి నీరు తేలుతుంది. కూరకు వాసన రాకపోయినా నమ్మకూడదు. సాయంత్రం కోసం కారులో ఉంచేవి పొడివే ఉండాలి: మురుకులు, సకినాలు, పల్లిపట్టీలు, వేయించిన అటుకులు, గరిజెలు. అరటిపండ్లు డిక్కీలో నల్లబడతాయి, జామకాయలు, కమలాలు నిలుస్తాయి.

సద్ది ఉంది కదా అని లోపల భోజనం పూర్తిగా మానేద్దామనుకునేవాళ్లు పదకొండు నుంచి ఆరు దాకా ఏడు గంటలుంటాయని గుర్తుపెట్టుకోవాలి. నీళ్లలో ఆడిన పిల్లలకు ఆకలి రెండింతలు. తలా నూట ఇరవై రూపాయల చిరుతిండి రెండు దఫాలు అనుకుంటే ఐదుగురికి పన్నెండొందలు. కడుపు నిండదు, భోజనం పైసలూ మిగలవు.

సద్దికి ఇంకో ఖర్చుంది, అది ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఆరింటికి బయలుదేరాలంటే ఇంట్లో ఎవరో ఒకరు మూడున్నరకు లేవాలి. ఆ ఒకరు ఎవరో అందరికీ తెలుసు. ఆమె కూడా సెలవుకే వస్తున్నప్పుడు, టిఫిన్ బయట తిని, సాయంత్రం పొడి తిండ్లు ముందురోజే డబ్బాలకెత్తుకుంటే సరిపోతుంది. మేమైతే అదే చేయమంటాం.

బఫే, భోజనం కలిపిన టికెట్

రెండు చోట్లా భోజనం కలిపిన టికెట్లు అమ్ముతారు. అవి లాభమా నష్టమా అన్నది నాలుగు నిమిషాల లెక్క. భోజనం కలిపిన టికెట్ రేటులోంచి ఉత్త టికెట్ రేటు తీసేస్తే మిగిలేది భోజనం రేటు అనుకుంటాం. కానీ ఉత్త టికెట్‌కు ముందుగా కొంటేనో, వారం మధ్యలో వెళ్తేనో తగ్గింపు దొరికి, కలిపిన టికెట్‌కు ఆ తగ్గింపు లేకపోతే లెక్క మారిపోతుంది. ఉత్త టికెట్ 1,200, కలిపింది 1,550 అనుకోండి. భోజనం 350కే వచ్చినట్టుంటుంది. ఉత్త టికెట్‌కు పది శాతం తగ్గితే అది 1,080. అప్పుడు భోజనం అసలు రేటు 470.

ఇప్పుడు ఇంటి లెక్క. ముగ్గురు పెద్దలు (అందులో నాయనమ్మ ఒకరు), పదకొండేళ్ల బాబు, ఐదేళ్ల పాప. బఫే పెద్దలకు 450, పిల్లలకు 300 అనుకుందాం. ఇవి లెక్క చూపడానికి అనుకున్న అంకెలే, మీరు పోయే రోజు బోర్డు మీద ఉన్నవి వీటి చోట పెట్టుకోండి. 1,350కి 600 కలిపితే 1,950. ఐదు శాతం జీఎస్టీ వేస్తే దగ్గరదగ్గర 2,050.

అదే ఇంటివాళ్లు కౌంటర్‌లో విడిగా తీసుకుంటే: రెండు చికెన్ బిర్యానీలు 640, ఒక వెజ్ మీల్స్ 250, నాయనమ్మకు పెరుగన్నం 120, పాపకు నూడుల్స్ 200, మూడు నీళ్ల సీసాలు 120. మొత్తం 1,330, జీఎస్టీతో సుమారు 1,400. తేడా ఆరున్నర వందలు. కారణం సూటిగా కనిపిస్తూనే ఉంది. నాయనమ్మ, పాప ఇద్దరూ బఫేకు తగ్గట్టు తినరు, వాళ్లకు కట్టింది మాత్రం నిండు ప్లేటు.

బఫే గెలిచే ఇండ్లు కూడా ఉన్నాయి. ఇంటర్, డిగ్రీ చదివే అబ్బాయిలు ఇద్దరు ముగ్గురున్న ఇల్లు, పొద్దున టిఫిన్ సరిగ్గా తినకుండా వచ్చినవాళ్లు, స్వీట్, ఐస్‌క్రీమ్ బఫేలోనే ఉంటే వాటిని సాయంత్రం విడిగా కొనే పని తప్పేవాళ్లు. ఒక గుర్తు చెప్పొచ్చు: ఇంటి మందిలో మూడింట రెండొంతుల మంది రెండోసారి వడ్డించుకునేవాళ్లయితే బఫే తీసుకోండి. సగం మందే అయితే విడిగా కొనండి. ఇద్దరు ముగ్గురికే బఫే తీసుకుని మిగతావాళ్లకు విడిగా కొనొచ్చు కదా అంటే, చాలాచోట్ల బఫే ప్లేటులోంచి పక్కవాళ్లకు పెట్టనివ్వరు. నాయనమ్మ బయట బెంచీ మీద ఒక్కతే కూర్చోవాల్సి వస్తుంది. ఆ తేడా కోసం అంత దూరం పోవద్దు.

బఫే టికెట్ కొనేముందు కౌంటర్‌లో నాలుగు మాటలు అడగండి. నీళ్ల సీసా అందులోనే ఉందా? ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా తినొచ్చు? పిల్లల రేటు వయసును బట్టా, ఎత్తును బట్టా? తినకపోతే పైసలు వాపస్ ఇస్తారా? చివరి రెండింటి దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. టికెట్లలో పిల్లలను ఎత్తుతో కొలుస్తారు. భోజనంలో వయసు చూస్తే పొడుగ్గా ఉన్న ఎనిమిదేళ్ల పాపకు టికెట్ పెద్దది, భోజనం చిన్నది వస్తుంది. లెక్క ముందే తేల్చుకోవాలి.

ఇంకొకటి ఈ జిల్లాల వాళ్లు తప్పక చూసుకోవాల్సింది. సెలవు రోజుల్లో శనివారం కలిసొస్తుందని ఎక్కువమంది శనివారమే బయలుదేరతారు. మన ఇండ్లల్లో సగం మంది శనివారం నీసు ముట్టరు. నాన్‌వెజ్ బఫేకు పైసలు కట్టి పప్పు, వేపుడుతో లేచి రావడం ప్రతి సెలవులోనూ జరిగేదే. శ్రావణ మాసంలో, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు వెంట ఉన్నప్పుడు కూడా అంతే. ఒక్క పూటే తినేవాళ్లకు, ఉపవాసం ఉన్నవాళ్లకు విడిగా కొనే దారే నయం.

నలభై మంది కలిసి బస్సు కట్టుకుని పోయే సంఘాల వాళ్లకు, స్కూళ్లకు కలిపిన రేటు మాట్లాడుకునే వీలుంటుంది. అలా మాట్లాడేటప్పుడు కట్టేది మనుషుల లెక్కకా, తిన్న ప్లేట్ల లెక్కకా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. నలభైలో ముగ్గురు నలుగురు తినకపోవడం మామూలే.

లోపల విడిగా కొనేటప్పుడు

లోపలికి పోగానే మొదటి ఆట ఎక్కకముందే రెండు మూడు తిండి కౌంటర్ల బోర్డులు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆకలి లేనప్పుడు చూసిన రేటు, ఆకలేసినప్పుడు చూసిన రేటు ఒకేలా అనిపించవు. కూర్చుని ఫోటోలు చూస్తూ మధ్యాహ్నం ఏం తినాలో అప్పుడే తేల్చుకుంటే, కౌంటర్ ముందు పిల్లలు వేలు చూపించిందల్లా కొనే పని తప్పుతుంది.

బిర్యానీ ఒక ప్లేటు ఇద్దరికి వస్తుందా లేదా అన్నది బోర్డు చెప్పదు. పక్క బల్ల మీద ప్లేటు చూడండి, అన్నం ఎంతుంది, ముక్కలెన్ని అని. మొదట ఇద్దరికొకటి చొప్పున తీసుకుని తక్కువైతే ఇంకొకటి తెచ్చుకోవడమే క్షేమం. అన్నీ ఒకేసారి తెచ్చాక మిగిలితే పారేయడమే, ఎందుకంటే తడి బట్టలతో, సంచులతో పొట్లం కట్టించుకుని తిరగలేరు.

కాంబో బోర్డుల దగ్గర ఒక తీసివేత చేయండి. బర్గర్, చిప్స్, కూల్‌డ్రింక్ కలిపి 350, బర్గర్ ఒక్కటే 200 అయితే, చిప్స్, కూల్‌డ్రింక్ 150కి కొంటున్నట్టు. అవి విడిగా కొనేవాళ్లా కాదా? కాకపోతే కాంబోలో మిగిలిందేమీ లేదు.

వేళ కూడా పైసలే. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా లైన్లు పొడుగ్గా ఉంటాయి. లైన్లో నిలబడ్డ పిల్లాడి చేతికి ఏదో ఒకటి కొనిపెట్టక తప్పదు. ఫిల్మ్ సిటీలో బస్సు టూర్ మధ్యలో ఎన్నింటికి ఎక్కడ దింపుతారో ముందే తెలుసుకుని, పన్నెండుంబావుకో రెండున్నర తర్వాతో తినేలా చూసుకోండి. వండర్‌లాలో నీళ్ల ఆటలకు ప్రత్యేక వేళలుంటాయి, పార్కు మూసేదానికన్నా ముందే అవి మూసేస్తారు. ఆ వేళలోనే భోజనానికి పోతే నీళ్ల ఆట పోయినట్టే. పొడి ఆటలు ముందు ఆడి, నీళ్లు తెరవకముందే తేలిగ్గా తిని, గంట ఆగి నీళ్లలోకి దిగడం మంచిది. కడుపునిండా తిని అలల కొలనులో దిగితే పిల్లలకు ఇబ్బందిగా అనిపించొచ్చు.

నీళ్లలో ఆడే చోట ఫోన్, పర్సు లాకర్‌లో ఉంటాయి. ఆకలేసి కౌంటర్ దగ్గరికి పోతే యూపీఐ లేదు, చేతిలో రూపాయి లేదు. ఒకరు లాకర్ దాకా నడవాలి. నీళ్లు పోని ప్లాస్టిక్ సంచి ఒకటి మెడలో వేసుకుని అందులో వంద, రెండొందల నోట్లుగా ఐదారు వందలు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. కార్డులో పైసలు ఎక్కించుకుని వాడే పద్ధతి ఎక్కడైనా ఉంటే కొంచెంగానే ఎక్కించండి. మిగిలింది వాపస్ తీసుకునే లైన్ మూసే వేళకు ఎక్కువ ఉంటుంది, ఓ అరగంట ముందే పోవాలి.

నీళ్లు, చిల్లర తిండి: ఇక్కడే లెక్క తప్పుతుంది

ఐదుగురు రోజంతా ఎండలో తిరిగితే పది లీటర్ల నీళ్లు పడతాయి. అన్నీ సీసాలు కొంటే ఒక పూట భోజనమంత ఖర్చు. ఖాళీ స్టీలు సీసాలు రెండు వెంట ఉంచుకోండి, లోపల తాగునీటి కుళాయి ఎక్కడుందో లోపలికి పోగానే అడగండి, టాయిలెట్‌కు పోయిన ప్రతిసారీ నింపుకోండి. కూర్చుని తినే చోట సాదా నీళ్లు ఇమ్మని అడగడానికి మొహమాటపడే పనిలేదు.

సీసా రేటు మీద గొడవలు ఎక్కువ. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కూర్చోబెట్టి సేవ చేసే హోటల్, రెస్టారెంట్ నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చు. ఉత్త దుకాణంలో కొనే సీసాకు మాత్రం ఎమ్మార్పీనే. దుకాణంలో బిస్కెట్, చిప్స్ కొన్నప్పుడు ఎమ్మార్పీ మీద మళ్లీ జీఎస్టీ వేస్తే ఒప్పుకోవద్దు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి.

చిల్లర తిండికి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు పొద్దునే తలా నూటయాభై చేతికివ్వండి. ఈ రోజుకు నీ చిరుతిండి ఇంతే, మిగిలితే నీదే అని చెప్పండి. అమ్మ జేబులోంచి అయితే మూడు ఐస్‌క్రీములు కావాలి, తన జేబులోంచి అయితే ఒకటి చాలు. ఆశ్చర్యపోకండి, ఒక్కోసారి మొత్తం తిరిగి ఇంటికే తెస్తారు.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఈ పొదుపులేవీ వద్దు. మందు వేసుకున్నాక అన్నం వేళ దాటితే కళ్లు తిరుగుతాయి. వాళ్ల భోజనం అందరితో పాటు కాకుండా గడియారం ప్రకారం జరగాలి. గ్లూకోజ్ బిస్కెట్ల పొట్లం, మందు చీటీ గేటు దగ్గర చూపించి వెంట ఉంచుకోండి.

బిల్లు చూసేటప్పుడు

మామూలు రెస్టారెంట్ బిల్లులో జీఎస్టీ 5 శాతం. రోజుకు రూ. 7,500 దాటిన గదులున్న హోటళ్లలోని రెస్టారెంట్‌లో 18 శాతం. ఫిల్మ్ సిటీలోని పెద్ద హోటళ్లలో రాత్రి ఉండేవాళ్లు ఈ తేడా లెక్కలో వేసుకోవాలి. వెయ్యికి యాభై పడే చోట నూట ఎనభై పడుతుంది. గది రేటులో టిఫిన్ కలిసి ఉంటే పొద్దుటి పూట బెంగలేదు, రాత్రి భోజనమే బయట చూసుకోవడం నయం.

హైవే మీద చిన్న హోటల్ బిల్లు మీద "కంపోజిషన్ డీలర్" అని రాసి ఉంటే మన దగ్గర జీఎస్టీ విడిగా తీసుకోకూడదు. సర్వీస్ చార్జ్ అని ఐదో పదో శాతం తనంతట తానే వేసి ఉంటే తీసేయమని అడగొచ్చు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ దాన్ని బిల్లులో దానంతటదిగా వేయకూడదని మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీయకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. బిల్లు మాత్రం చేతిలో ఉండాలి.

మరి ఎవరు ఏది ఎంచుకోవాలి

కారులో పోయే నలుగురైదుగురి ఇంటికి మా సలహా కలగలుపు దారి. టిఫిన్ ఔటర్ బయట, మధ్యాహ్నం లోపల విడిగా ఒక్క గట్టి భోజనం, సాయంత్రం కారులోని పొడి తిండ్లు, రాత్రి హైవే మీద. మూడు వేలు పెట్టుకుంటే ఇట్లా పంచుకోవచ్చు: టిఫిన్, చాయకు 400, లోపలి భోజనానికి 1,400, నీళ్లకు, చిరుతిండికి 600, రాత్రికి 600. ఈ నాలుగు పద్దుల్లో మొదట తెగిపోయేది మూడోదే. అది నాలుగింటికే అయిపోతే మిగతా గంటలు నీళ్ల మీద నెట్టుకురావాలి కానీ రాత్రి పద్దులోంచి తీయొద్దు. రాత్రి ఆకలికి సర్దుబాటు ఉండదు.

బస్సులో పోయేవాళ్లకు కారు డిక్కీ లేదు కాబట్టి సద్ది మోసుకుపోవడం బరువే. తిండి సంచి దాచుకునే చోటు దొరుకుతుందన్న భరోసా ఉండదు, గేటు దగ్గర పారేయాల్సి రావొచ్చు. వాళ్లు టిఫిన్ బయట తిని, లోపల భోజనం ముందే కొనుక్కోవడం మేలు. రెండేళ్లలోపు చంటిపిల్ల ఉన్న ఇంటికి కలిపిన టికెట్ వద్దు. పిల్ల నిద్రపోయిందనో జ్వరం వచ్చిందనో భోజనం వేళ తప్పితే ఆ పైసలు పోయినట్టే. ఎండాకాలపు ఆదివారం తప్ప ఇంకో రోజు కుదరని ఉద్యోగస్తులకు, లైన్లు తప్పించుకోవడం కోసం ఆరేడు వందలు ఎక్కువైనా బఫే పర్లేదు. గంట, గంటన్నరలో అయిపోయే చిన్న చోట్లకు ఈ గొడవే లేదు, ఊళ్లో తిని పోవచ్చు.

ఇక రాత్రి. ఫిల్మ్ సిటీ నుంచి ఏడు తర్వాత బయలుదేరితే చౌటుప్పల్ దాటేసరికి వెనక సీట్లో పిల్లలు నిద్రలో ఉంటారు. నార్కట్‌పల్లి హోటల్ దగ్గర లేపితే ఏడుస్తారు, ఆర్డర్ చేసిన దోశ సగం తిని వదిలేస్తారు. వాళ్లకు బయలుదేరేముందే కారు పక్కన నిలబెట్టి ఒక్కో తపాలచెక్క, ఒక్కో జామకాయ తినిపించండి. హోటల్ దగ్గర పెద్దవాళ్లు వంతులవారీగా దిగి తినండి, ఒకరు కారులో పిల్లల దగ్గర ఉండాలి. పిల్లల కోసం రెండు ఇడ్లీలు పార్సిల్ చేయించుకుంటే ఇంటికొచ్చాక లేచి అడిగినప్పుడు పెట్టొచ్చు.